ఖజానా ఖాళీ అయితే గొంతు తగ్గుతుంది

ఎక్కడో ఒక దేశంలో నాణెం విలువ పడిపోతే మనకేమిటి నష్టమని అడిగేవారు నేటికీ ఉన్నారు. మిర్యాలగూడలో రైస్‌మిల్లు నడిపేవారు, కోదాడ ప్రాంతంలో సాగర్ ఎడమ కాలువ కింద వరి పండించేవారు, సూర్యాపేటలో కొడుకు పంపే గల్ఫ్ డబ్బుతో ఇల్లు గడుపుకునేవారు మాత్రం ఈ ప్రశ్న అడగనవసరం లేదు. దీనికి జవాబు 1990-91లోనే వారి గడప తొక్కింది. ఆ జవాబును మరచిపోరాదన్నదే మా మనవి.

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించాయి. ముడిచమురు ధర భగ్గుమన్నది. అక్కడ పనిచేస్తున్న మనవారి కొలువులు రాత్రికి రాత్రే పోయాయి. వారు పంపే డబ్బు ఆగింది. అప్పటికే విదేశీ అప్పులతో, లోటు బడ్జెట్లతో చితికి ఉన్న దేశ ఖజానాకు ఇది గొడ్డలిపెట్టు అయింది. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాలంత కాకపోయినా, నాటి నల్గొండ జిల్లా నుంచీ గల్ఫ్‌కు వెళ్లినవారు ఉన్నారు. వారి ఇళ్లలో పొయ్యికీ, ఢిల్లీలోని ఖజానాకూ ఒకేసారి సెగ తగిలింది.

ఆ రోజుల్లో విదేశాంగ మంత్రి ఇందర్ కుమార్ గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లి సద్దాం హుసేన్‌ను కలుసుకున్నారు. వారిద్దరి ఆలింగనంపై పాశ్చాత్య దేశాల్లో విమర్శలు చెలరేగాయి. అయితే లక్షకు పైగా భారతీయులను అమ్మాన్ మీదుగా విమానాల్లో క్షేమంగా తీసుకురావలసిన బాధ్యత ప్రభుత్వం మీద ఉండింది. పొట్టచేతబట్టుకొని వెళ్లిన కూలీల ప్రాణాలు ఒక దేశపు విదేశాంగ విధానానికి దారి చూపిన సందర్భమది.

కాని ఖజానా అడుగంటేసరికి మాట తీరు మారక తప్పలేదు. 1991 జనవరిలో అంతర్జాతీయ ద్రవ్యనిధి సంస్థ నుంచి మనకు అప్పు మంజూరైంది. సరిగ్గా ఆ రోజుల్లోనే, చంద్రశేఖర్ ప్రభుత్వ హయాంలో, గల్ఫ్ యుద్ధానికి సంబంధించిన అమెరికా సైనిక విమానాలకు మన విమానాశ్రయాల్లో ఇంధనం నింపారు. దేశంలో నిరసన చెలరేగాక ఫిబ్రవరిలో దానికి స్వస్తి చెప్పారు. ఈ రెండింటికీ ముడి ఎంతవరకు ఉందన్నది వాదనల్లో తేలే విషయం కాదు. అప్పు కోసం చేయి చాచి నిలబడినవాడు కాదనగలిగే మాటలు తక్కువే అన్నది మాత్రం సుస్పష్టం.

ఆ ఏడాది జులైలో దాదాపు 47 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల వద్ద కుదువ పెట్టారు. ఇంట్లో ఆడవాళ్ల నగలు షావుకారు పెట్టెలోకి వెళ్తే ఆ ఇంటి పరువు ఏమవుతుందో మనకు వేరే చెప్పాలా? తెలంగాణ బిడ్డ పి.వి. నరసింహారావు ప్రధానమంత్రిగా బాధ్యతలు చేపట్టిన కొద్ది రోజులకే రూపాయి విలువను రెండు విడతలుగా తగ్గించారు. ఆ నెల బడ్జెట్‌లో ఎరువుల ధరలు 40 శాతం పెంచుతామన్నారు. రైతుల ఆందోళన తరువాత దాన్ని 30 శాతానికి దించారు. కువైట్‌లో పేలిన తూటా కోదాడ రైతు ఎరువుల బస్తాకు తగిలింది. ఆ రైతు విదేశాల్లో ఒక్క డాలరు కూడా అప్పు చేసినవాడు కాదన్నది గమనార్హం.

1992 జనవరిలో ఇజ్రాయెల్‌తో భారత్ పూర్తి స్థాయి దౌత్య సంబంధాలు నెలకొల్పుకుంది. సోవియట్ యూనియన్ పతనం, మారిన ప్రపంచ పరిస్థితులు ఇందుకు ముఖ్య కారణాలు. అయినా ఆర్థికంగా అమెరికా వైపు చూడవలసి వచ్చిన కాలంలోనే ఈ మలుపు వచ్చిందని గుర్తుంచుకోవాలి.

మనం పడ్డ ఇబ్బందే మరికొన్నేళ్లకు తూర్పు ఆసియాకు ఎదురైంది. 1997 జులై 2న థాయ్‌లాండ్ తన నాణెం బాత్‌ను కాపాడుకోలేక వదిలేయగా, ఆ మంట ఇండోనేషియాను చుట్టుకుంది. 1998 జనవరిలో అధ్యక్షుడు సుహార్తో ద్రవ్యనిధి సంస్థ ఒప్పందంపై సంతకం చేస్తుండగా, ఆ సంస్థ అధిపతి మిషెల్ కాందెసు చేతులు కట్టుకొని ఆయన ఎదుట నిలబడిన ఛాయాచిత్రం ఒక జాతి అవమానానికి గుర్తుగా మిగిలిపోయింది. మే నెలలో ఇంధన ధరలు పెంచాక అల్లర్లు పెచ్చరిల్లాయి. ప్రజల కోపం పాలకులతో ఆగక చైనా సంతతి మైనారిటీల ఇళ్ల మీదికీ, దుకాణాల మీదికీ మళ్లింది. మే 21న సుహార్తో గద్దె దిగారు. కరువు కాలంలో కోపం పొరుగువాడి గడప వెతుక్కుంటుందన్న ఈ పాఠాన్ని మతమేదైనా ప్రతి సమాజమూ గుర్తుంచుకోవలసి ఉంది. మలేషియా మాత్రం ద్రవ్యనిధి సంస్థను ఆశ్రయించకుండా, 1998 సెప్టెంబరులో పెట్టుబడుల రాకపోకలకు కట్టడి విధించి తన దారి తానే వెతుక్కుంది.

ఇటీవలి శ్రీలంక ఉదంతం మనకు మరీ దగ్గరిది. 2017లోనే ఆ దేశం హంబన్‌తోట రేవును 99 ఏళ్ల లీజుకు చైనా సంస్థకు అప్పగించింది. 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పులు తీర్చలేమని ప్రకటించింది. భారత్ డీజిల్, బియ్యం, అప్పుల రూపంలో ఆదుకుంది. అయినా ఆ ఆగస్టులో చైనా నౌక యువాన్ వాంగ్-5, మన అభ్యంతరాలను కాదని, హంబన్‌తోటలో లంగరు వేసింది. అప్పుల్లో మునిగిన దేశం ఇద్దరు షావుకార్ల మధ్య ఎలా నలుగుతుందో ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

ఒకనాడు బంగారం కుదువ పెట్టినవారం ఈనాడు అప్పు ఇచ్చే స్థితికి వచ్చాం. సంతోషమే. కాని 1991ని మరచిన షావుకారుగా మారకూడదు. కష్టంలో ఉన్న పొరుగుదేశానికి గడువివ్వాలి గాని, దాని గొంతు మీద కాలు పెట్టరాదు. ఇచ్చిన బియ్యానికి బదులుగా విధేయత అడిగితే అది సాయం అనిపించుకోదు, బేరం అనిపించుకుంటుంది.

ఇక ఇంటి సంగతి. గల్ఫ్‌లో మరణించినవారి కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయాన్ని తెలంగాణ ప్రభుత్వం 2024లో ప్రకటించింది. స్వాగతించదగినదే. అయితే కొలువు పోయి, వీసా కోసం చేసిన అప్పుతో, ప్రాణాలతో తిరిగి వచ్చినవాని మాటేమిటి? అతనికి వడ్డీ భారం లేని చిన్న పెట్టుబడి, పని చూపే ఏర్పాటు ఉండవద్దా? ఎరువుల ధర పెరిగిన నాడు చిన్న రైతుకు అండ ఎవరు? సంక్షోభం వచ్చాక విమానాలు పంపడం గొప్పే. అది రాకముందే వీరికి రక్షణ కల్పించడం అంతకన్నా గొప్ప. దేశాలు చేసే అప్పుల్లో సంతకం పెద్దలది, చెల్లింపు పేదలది. ఈ లెక్క సరిచేయనంత కాలం ఖజానాలో ఎన్ని డాలర్లు ఉన్నా మనం నిశ్చింతగా ఉండలేమని ప్రభుత్వాలు గ్రహించాలి.