మర కోశాక ఏం మిగులుతుంది?

ఇంట్లో చేపల తొట్టి పెట్టుకున్నవాళ్లు మొదట్లో లోపల వేలాడే చిన్న ఫిల్టర్‌తోనే నెట్టుకొస్తారు. చేపలు పెరిగాక అది చాలదు. అప్పుడు తొట్టి అడుగున చిల్లు, కింద అరలో ఇంకో చిన్న తొట్టి, అందులో ఒక మోటారు వచ్చి చేరతాయి. మురికి నీళ్లు కిందికి దిగుతాయి, వడకట్టిన నీళ్లు పైకెక్కుతాయి. ఆ కింది తొట్టిని సంప్ అంటారు. మన వాకిట్లో భూమిలో ఉండే సంపుకు మనవడు లాంటిది అనుకోండి. ఇక మిగిలింది పైపులు. చాలామందికి చిక్కు వచ్చేది అక్కడే.

మా చాగలమర్రిలో అక్క కొడుకు తొట్టికి ఈ పని పడింది. బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తున్నా కాబట్టి ఇలాంటివన్నీ నా నెత్తినే పడతాయి. తొట్టి మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. నిండా పోస్తే 191 లీటర్లు. ఉండేది మేడ మీద. కింది గదిలో ఇంటాయన శనగ బస్తాలు పేర్చుకున్నాడు. అడుగు జాయింటు ఒక్కటి రాత్రిపూట వదిలిందంటే నీళ్లన్నీ ఆ బస్తాల మీదికే.

కర్నూలు–కడప రోడ్డు మీద బోరు మోటార్ల పని చేసే పెద్దాయన ఒకరున్నారు. నాకు మామ వరస. ఆయన దగ్గర ఇనప పైపులకు మర కోసే డై సెట్టు ఉంది. ఊళ్లో ఎవరికి జీఐ పైపు కావాలన్నా అక్కడికే పోతారు. మేం తీసుకుపోయింది మాత్రం తెల్ల ప్లాస్టిక్ పైపు.

“ఇనుముకే కోస్తాండాం, పలాస్టిక్‌కు కోయలేమా అబ్బీ?” అన్నాడు.

“కోయొచ్చు మామా. కోశాక ఎంత మిగులుతాదో ముందు కొలుద్దాం” అని వెర్నియర్ తీశాను. ఇంజినీరింగ్ ఫస్టియర్ వర్క్‌షాప్‌లో నేర్చుకున్నవాటిలో ఇప్పటికీ అన్నం పెడుతున్నది ఇదొక్కటే.

షాపులో ముప్పావు ఇంచు అని ఇచ్చిన ఆ పొలం పైపు బయటి కొలత 25 మి.మీ. ముప్పావు ఇంచు డై కోసే మరకు బయటి కొలత 26.44 మి.మీ. ఉండాలి. అంటే పైపే సన్నం. మర పైపు మొన దగ్గర కాస్త పడినట్టు కనిపించి, వెనక్కి వచ్చేకొద్దీ తేలిపోతుంది. పూర్తి లోతు ఎక్కడా రాదు. చేత్తో తిప్పితే బిగిసినట్టే ఉంటుంది, పట్టు మాత్రం ఉండదు. సీపీవీసీ పైపు సంగతి ఇంకా దూరం. దాని ముప్పావు ఇంచు బయటి కొలత 22.2 మి.మీ. మాత్రమే, డైలో వదులుగా ఊగుతుంది.

ఆ డైకి సరిపడేది షెడ్యూల్ 40, షెడ్యూల్ 80 అని రాసి ఉండే పైపులు. వీటి బయటి కొలత 26.67 మి.మీ. తేడా గోడ మందంలో ఉంది. 40 రకం గోడ 2.87 మి.మీ., 80 రకం 3.91. మర లోతు 1.16 మి.మీ. కోశాక మొదటిదాంట్లో ఒకటిన్నర మి.మీ. మిగలడం కష్టం, రెండోదాంట్లో సుమారు రెండున్నర ఉంటుంది. అందుకే మర కోయాలంటే 80 రకానికే కోయమంటారు.

మామ ఊరుకోలేదు. “నీ తొట్టిలో ప్రెషర్ ఎంతుంటాది? మా బోరు పైపులు మోసేదెంత!”

ఆ మాట నిజమే. సంప్ నుంచి తొట్టి అంచుకు నాలుగడుగులు ఎక్కితే ఒత్తిడి 0.12 కిలోలు దాటదు. ఎంత చవక పైపైనా అది తట్టుకుంటుంది. అయితే ఇక్కడ పైపును పగలగొట్టేది ఒత్తిడి కాదు. మర అంటే పైపు చుట్టూ పెట్టిన గాటు. మోటారు రాత్రింబవళ్లు సన్నగా వణికిస్తుంటుంది, ఇరుకు అరలో పైపును కాస్త పక్కకు లాగి బిగిస్తాం. ఆ భారమంతా గాటు అడుగునే పడుతుంది. ఇనుము ఓర్చుకుంటుంది, ప్లాస్టిక్‌కు మెల్లగా పగులు పాకుతుంది. ఇంకో మాట, కారడానికి ఒత్తిడితో పనేముంది, సందు చాలు.

“బోరులో దించే కాలమ్ పైపుకు మర మీరే కోస్తారా మామా?” అనడిగాను.

“యాడప్పా, అది కంపెనీ నుంచే వస్తాది. చదరపు మర, మందం పైపు, లోపల రబ్బరు రింగు” అంటూ ఆగి, తనే నవ్వి, డై పక్కన పెట్టాడు.

చివరికి మర కోయకుండానే పని అయింది. షాపుల్లో ఎంటీఏ అని అడిగితే ఒకవైపు మర, ఒకవైపు సొల్యూషన్‌తో అతికించే గొట్టం ఉన్న ముక్క ఇస్తారు. దాని మర అచ్చులోనే పోసి వస్తుంది, గోడ మందం దానికి తగ్గట్టే ఉంటుంది. మీరు కొన్న పైపు రకానికే తీసుకోండి. గాజు దగ్గర రబ్బరు వాషరున్న ట్యాంకు కనెక్టర్, మోటారు దగ్గర విప్పుకోవడానికి యూనియన్. ఆన్‌లైన్‌లో విదేశీ కనెక్టర్ కొంటే మాత్రం మర ఏ రకమో చూడండి. మనది 1841లో విట్‌వర్త్ అనే ఇంగ్లీషు ఇంజినీరు ప్రతిపాదించిన 55 డిగ్రీల మర, అమెరికా వాళ్లది 60. ముప్పావు ఇంచులో రెండింటికీ అంగుళానికి 14 చుట్లే కాబట్టి మొదట చక్కగా ఎక్కుతాయి, తర్వాత పట్టేస్తాయి. బలవంతం చేస్తే పగులుతుంది.

కోయక తప్పకపోతే 80 రకం పైపు, ఇనుముకు వాడని పదునైన డై, పైపు నలగకుండా లోపల కొయ్య బిరడా. డైకి ఇంజిన్ ఆయిల్ పూయొద్దు, అది తొట్టిలో తెట్టుగా తేలుతుంది. నీళ్లు చల్లుకుంటే చాలు. జీఐకి వాడే సఫేదా, నార కూడా వద్దు, టెఫ్లాన్ టేపు నాలుగు చుట్లు సరిపోతుంది. చేత్తో బిగిసేదాకా తిప్పి ఇంకో చుట్టు. పైపు పానా ప్లాస్టిక్ మీదికి రాకూడదు, ఆ విషయంలో నేను మొండివాణ్ని.

అతికించినవి ఒక రోజంతా ఆరనిచ్చి, లోపల కడిగి, చేపలు లేకుండా నీళ్లు నింపండి. ప్రతి జాయింటు కింద ఒక వార్తాపత్రిక పరచండి, చుక్క పడితే మచ్చ తెలుస్తుంది. మోటారు నడుస్తుండగా స్విచ్ ఆపి చూడండి, కరెంటు పోయినప్పుడు జరిగేది అదే. పైకి నీళ్లు పోసే గొట్టం మూతి నీటిమట్టానికి 5 సెం.మీ. కింద ఉంటే, ఆ కొలత తొట్టిలో 21 లీటర్లు వెనక్కి జారి సంప్‌లోకి వస్తాయి. సంప్‌లో అంత ఖాళీ ఉండాలి.