దిష్టి ఎవరి కంట్లో ఉంది?

దిష్టి మన గుమ్మడికాయతోనే పుట్టిందనుకుంటాం గానీ, యూదులకీ అది అనాదిగా ఉందండోయ్! హీబ్రూలో దాని పేరు ‘ఐన్ హరా’, అంటే చెడ్డ కన్ను. యూరప్‌లోని యూదు అమ్మమ్మలు మనవణ్ణి “బొద్దుగా ఉన్నాడే” అని మెచ్చుకున్నారంటే, వెంటనే దిష్టి తగలకుండా ‘కైనహొరా’ అనాల్సిందే. మనుషుల్ని లెక్కపెట్టేటప్పుడు కూడా “ఒకటి కాదు, రెండు కాదు” అనుకుంటూ లెక్కపెట్టేవారట! ఇంతవరకూ ముచ్చటే. నా తగువల్లా తాయెత్తులతో.

పురుటింటి సంగతే చూడండి. లిలిత్ అనే ఆడదయ్యం బాలింతనీ పసిగుడ్డునీ పట్టుకుంటుందని, ముగ్గురు దేవదూతల పేర్లు రాసిన కాగితాలు గోడకి పెట్టేవారు. 1751లో హాంబర్గ్ పక్కనున్న ఆల్టోనాలో ఇలాంటి తాయెత్తుల మీదే పెద్ద రభస జరిగింది. ఐబెష్యూట్స్ అనే రబ్బీ గర్భిణులకిచ్చిన తాయెత్తుల్లో దొంగ రక్షకుడు సబ్బతాయ్ జ్వీ పేరు దాగి ఉందని జేకబ్ ఎమ్డెన్ అనే పండితుడు ఆరోపించాడు. ఆయన కాదన్నాడు. ఏళ్ళ తరబడి తగువు! అదీ కాగితంలో ఎవరి పేరుందనే గానీ, కాగితం బాలింతని కాపాడుతుందా అని కాదు. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు తోటి డాక్టర్లచేత చేతులు కడిగించాకగానీ అక్కడి పురిటి చావులు తగ్గలేదు.

“ధైర్యం కోసం కట్టుకుంటే నీ సొమ్మేం పోయింది?” అంటారు. పోయేది సొమ్ము కాదండీ. తాయెత్తు ధైర్యమిచ్చే ముందు భయాన్నిస్తుంది. ఎవరి కన్నో తగిలిందంటుంది. ఆ ఎవరో ఎవరు? పక్కింటావిడో, పిల్లల్లేని ఏ బంధువో! అంతేగా?

పోనీ, మతం మాటేమిటి? తాల్ముద్‌లో రవ్ అనే గురువు శ్మశానం చూసి, నూటికి తొంభైతొమ్మిది మంది దిష్టితోనే పోయారన్నాడని ఉంది. కాదనను. కానీ 12వ శతాబ్దపు మహాపండితుడు మైమొనిడీస్ ఏమన్నాడు? గుమ్మానికి పెట్టే మెజూజాలో దేవదూతల పేర్లు ఇరికించేవాళ్ళకి పరలోకంలో చోటే లేదన్నాడు! దేవుడొక్కడేనని గుర్తుచేసే పత్రాన్ని సొంత లాభానికి తాయెత్తు చేశారని ఆయన కోపం. ఎర్రదారం కట్టుకోవడం అన్యుల ఆచారమని తోసెఫ్తా అనే ప్రాచీన ధర్మగ్రంథం ఎప్పుడో కాదంది. అయినా బెత్లెహేంలో రాహేలు సమాధి పేరు చెప్పి ఆ దారాలే ఈనాటికీ చేతులకెక్కుతున్నాయి.

యూదుల నీతిగ్రంథం ‘అవోత్’ మరో దారి చూపింది. మంచి కన్ను అబ్రహాము శిష్యుల లక్షణమట. చెడ్డ కన్నంటే ఓర్వలేని కన్నే. అంటే మందు పడాల్సింది ఎదుటివాళ్ళ కంటికి కాదు, మన కంటికి. పక్కింటి పిల్లకి ఫస్టుక్లాసొస్తే మన మనసు చివుక్కుమనకుండా ఉండాలి. అందుకు ఏ దారం పనికొస్తుందో మీరే చెప్పండి!