నారు తీసే వేళ

ఈ నెల మా ఇంటి సంగతి ఒకటి మీతో పంచుకోవాలని ఆశపడుతున్నాము.

మా రెండో అమ్మాయికి పట్నంలో నర్సింగ్ సీటు వచ్చింది. మేము వద్దన్నాము. హాస్టలు తిండి పడదన్నాము, రోజులు బాగోలేవన్నాము, దగ్గరలో డిగ్రీ చదువుకుంటే చాలన్నాము. అమ్మాయి ఎదురు చెప్పలేదు. అన్నం తగ్గించింది, మాట తగ్గించింది. అది విధేయత అని మేము సంతోషించాము.

ఆ రోజుల్లోనే కాలువ నీళ్లు ఆలస్యమై మా చేలో నాట్లు వెనుకబడ్డాయి. నారుమడి మాత్రం చూడముచ్చటగా ఉంది. నారు తీయడానికి వచ్చిన పెద్దమ్మ ఒక కట్ట చేతబట్టి, "పచ్చగా ఉందని మురిసిపోకండి అమ్మగారూ, ముదిరిపోయింది. ఇంక ఇది పిలక సరిగా వెయ్యదు" అంది. 4 నెలల పంటకు 4 వారాల నారు నాటాలని మన రైతులకు తెలిసినదే. అంతకు మించి మడిలో ఉంచితే నారు చావదు, పచ్చగానే ఉంటుంది. కాని పిలకలు తగ్గుతాయి, గింజ తగ్గుతుంది. ఆలస్యమైనందుకు కొనలు త్రుంచి, కుదురుకు మరి రెండు మొక్కలు ఎక్కువ పెట్టించాము.

ఆ రాత్రి మేమిద్దరము చాలాసేపు మాట్లాడుకోలేదు. అమ్మాయి మేలు కోరి చెప్పామనుకున్న కారణాలలో సగము మా భయమేనని చివరకు ఒప్పుకున్నాము. సీటుకు గడువు ఇంకా తీరలేదు.

అలాగని గాలికి వదిలివేయుట కూడా ప్రేమ కాదు. మోషే తల్లిని చూడండి. మూడు నెలలు బిడ్డను దాచింది. ఇక దాచలేనప్పుడు జమ్ముపెట్టెకు జిగటమన్ను, కీలు పూసింది. అక్క దూరాన నిలిచి చూసింది. పూత పూయుట తల్లి చేతిలోని పని. ఏరు ఆమె చేతిలో లేదు. తన పనిలో ఆమె లోపము చేయలేదు. మిగిలినది దేవునికి అప్పగించింది.

మేమును వెళ్లి హాస్టలు చూశాము. వార్డెనమ్మను కలిశాము. బ్యాంకులో ఖాతా తెరిపించాము. ఆదివారము సాయంత్రము ఫోను చేసుకుందామని, అవసరమైతే ఏ వేళనైనా చేయమని చెప్పాము.

మొదటి నెలంతా "వచ్చేస్తానమ్మా" అని ఏడ్చింది. నాటిన చేను మూన తిరిగేదాకా వాడినట్టే కనబడుతుంది. దానిని పీకి తిరిగి మడిలో పెట్టే రైతు ఉండడు. అలాగని చేనివైపు పోకుండానూ ఉండడు. పలుచగా నీరు పెడతాడు, గట్టుకు ఎండ్రకాయ బొరియలు పూడుస్తాడు. ప్రేమకొద్దీ లోతుగా నీరు నిలిపితే మళ్లీ పిలకలే తగ్గుతాయి.

కనుక ఆ ఏడుపును ఓర్చుకున్నాము. జ్వరమని తెలిసిన రోజు మాత్రం రాత్రి బస్సుకే బయలుదేరాము. బెంగపడితే ధైర్యం చెప్పాలి, ఆపద అయితే పరుగెత్తాలి. ఎవరైనా వేధిస్తున్నారని బిడ్డ చెబితే "సర్దుకుపో" అనరాదు, ఆ రోజే వెళ్లాలి. ఏది బెంగో, ఏది ఆపదో తెలుసుకొనే వివేకము కొరకు తల్లిదండ్రులు ప్రార్థించవలెను.

ఇప్పుడు రెండో సంవత్సరము. మొన్న సెలవులకు వచ్చి నాయనమ్మకు బి.పి. చూసింది. మందుల వేళలు పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించింది. కూరలో ఉప్పు తగ్గించమని మమ్మల్ని మందలించింది. మేము మారు పలుకక విన్నాము.

ఇది పిల్లల చదువు సంగతి మాత్రమే కాదు. కోడలి చేతికి ఇవ్వని బీరువా తాళాలు, ఎదిగిన కొడుక్కి చెప్పని పొలం లెక్కలు మన ఇళ్లలో ఎన్ని లేవు? మీ ఇంట మడిలోనే ముదిరిపోతున్న నారు ఏదో ఈ నెల కుటుంబ ప్రార్థన తరువాత కూర్చుని మాట్లాడుకోండి. అదను దాటకముందే నాటుదము.