సోమరితనము కాదు, కీళ్లనొప్పి

ముసలికుక్క త్వరగా లేవకున్న “వయసు మీఱినది” అందుము. పిలిచినను రాకున్న “సోమరి” అందుము. తాకఁగా గుఱ్ఱుమన్న “పొగరు” అందుము. ఈ మూఁడు తీర్పులును తఱచుగా తప్పులని నా యభిప్రాయము. పెక్కుసారులు అవి కీళ్లనొప్పికి గుర్తులు.

దీనిని నేను నా తప్పువలన నేర్చుకొంటిని. మా కుక్క యెన్నో యేండ్లు ప్రాతఃకాలమున నాతో గుణదలలో ఏలూరు కాలువ గట్టున నడచెడిది. ఒక శీతకాలమున వెనుకఁబడఁజొచ్చెను. వాకిటి మెట్లకడ నిలిచి నా మొగము చూచెడిది. నేను గద్దించితిని. రెండు నెలల పిదప పశువైద్యుఁడు దాని వెనుకకాలిని మెల్లగా వంచి చూడఁగా, అది అఱవక, తల త్రిప్పి నా చేతిని నాకెను. నాఁటి సిగ్గు నేఁటికిని పోలేదు.

తాతగారు మోఁకాలు పట్టుకొని మూల్గినచో తైలము తెత్తుము, సోమరి యనము. కుక్క దినదినము పెరుగు నొప్పిని తఱచుగా మూల్గక సహించును. కీలునందు ఎముకల చివరలను కప్పియుండు మృదులాస్థి క్రమముగా అరిగిపోవును. కావున ఈ వ్యాధిని చెవితోఁ గాక కంటితో కనిపెట్టవలెను.

చూడవలసిన గుర్తులివి: నిద్రలేచినంతనే బిగుసుకొని నడచి, కొంతసేపటికి సర్దుకొనుట, మెట్లెక్కుటకు వెనుదీయుట, పరుగునందు వెనుకకాళ్లు రెండును కలిపి కుందేలువలె గెంతుట, ఒకే కీలును మాటిమాటికి నాకుట, తొడకండ చిక్కిపోవుట. పెద్దజాతి కుక్కలలో తుంటికీలు సరిగా అమరక, ఏడాది నిండని పిల్లలకు సైతము ఈ బాధ కలుగవచ్చును. కావున వయసే కారణమనుట చెల్లదు.

జాలిచే మన యింటి నొప్పిమాత్ర పెట్టుట మఱింత కీడు. ఐబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు పుట్టించును, మూత్రపిండములను చెఱచును. మందు పశువైద్యుఁడే చెప్పవలెను. మనకు సమీపమున గన్నవరములో పశువైద్య కళాశాలయే కలదు.

మన చేతిలోని చికిత్సయు కొంత కలదు. నున్నని పలకల నేలపై గోనెపట్టా పఱచుట, మెత్తని పడక యిచ్చుట, మెల్లగా కొలఁది దూరము నడపించుట, అన్నిటికంటె ముఖ్యముగా బరువు తగ్గించుట. అమెరికాలో 48 లాబ్రడార్ కుక్కలను రెండు జట్లుగా పెంచి, ఒక జట్టునకు నాలుగవవంతు ఆహారము తగ్గించిరి. ఆ జట్టు కుక్కలు సుమారు రెండేండ్లు అధికముగా జీవించినవనియు, వానికి కీళ్లవ్యాధి ఆలస్యముగా వచ్చినదనియు 2002లో ప్రకటించిరి. మిగిలిన అన్నమంతయు కుక్కకు పెట్టుటయే ప్రేమ యనుకొను మనము ఈ సంగతి తలపోయవలెను.

విద్యార్థులారా! ఇంట కుక్కతో ఎక్కువసేపు గడపువారు మీరే. పెద్దలకంటె ముందు మీకే ఈ గుర్తులు కనఁబడును. నేఁటి సాయంకాలము ఇల్లు చేరినపుడు, అది మిమ్ము చూచి యెట్లు లేచునో ఒక్కసారి గమనింపుఁడు.