బాలింత దుఃఖము

మన పల్లెలలో బిడ్డను కన్న యాడుది పదునైదు దినములు గడచినను ఏడ్పు మానక, బిడ్డ నిద్రించుచున్నను తాను నిద్రింపలేక, అన్నపు కంచమును త్రోసివైచి గోడవైపు తిరిగి పరుండినచో ఇంటివా రేమందురో పాఠకులకు మేము చెప్పనక్కఱలేదు. గాలి సోకినదని కొందఱు, దిష్టి యని కొందఱు అందురు. లోకములో ఎవరును కననట్లు ఈమెయే కన్నదా యని గద్దించువారును కలరు. ఇది వ్యాధి యనియు, దీనికి మందున్నదనియు తలచువారు అరుదు. జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని చిట్యాల మండలమును దృష్టియందుంచుకొని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. కాని యిది ఒక్క చిట్యాల సంగతి కాదు.

ప్రసవమైన మూడు నాలుగు దినములకు కారణము లేకయే దుఃఖము పొంగివచ్చుట పెక్కుమందికి కలుగును. అది రెండు వారములలో తనంతట తానే తొలగును. తొలగక నిలిచినదే వ్యాధి. అప్పుడు తల్లికి బిడ్డపై మనసు నిలువదు. నిలువనందులకు తాను పాపాత్మురాలనని కుమిలిపోవును. తాను లేకున్నచో బిడ్డ సుఖపడునను తలపు కూడ పుట్టును. వేయి ప్రసవములలో ఒకటి రెండింట మతి చలించుట, లేని మాటలు వినుట మొదలగు తీవ్రలక్షణములు కనుపించును. అట్టిచో మంత్రగానికై కబురంపక ఆ పూటయే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఇది నాగరిక స్త్రీల గారాబపు రోగమని నవ్వువారు ఈ లెక్కను చూడవలెను. ప్రపంచారోగ్యసంస్థ వారి పత్రికలో 2017లో ప్రకటితమైన సమీక్ష యొకటి మనదేశమున జరిగిన 38 పరిశోధనలను, ఇరువదివేల పైచిలుకు తల్లుల వృత్తాంతములను పరిశీలించి, నూటికి 22 మందికి ఈ విషాదమున్నదని తేల్చినది. గోవాలో జరిగి 2002లో వెలువడిన పరిశోధన దారిద్ర్యమును, భర్తతోడి కలతను, ఆడుబిడ్డ పుట్టుటను దీనితో ముడిపెట్టినది. ఆడుబిడ్డ యని తెలిసినంతనే మొగము ముడుచుకొను బంధువర్గము ఈ రోగమునకు తానెంత కారణమో యోచించుకొనవలెను.

తొలికాన్పు తల్లిగారింట జరుపు మన యాచారము మంచిదే. అచ్చట తల్లి చేతి స్నానము, పథ్యము, విశ్రాంతి లభించును. కాని మూడవ నెలనో, అయిదవ నెలనో బిడ్డ నెత్తుకొని అత్తగారింటికి వచ్చిననాటినుండి ఆమెను బాలింతగా చూచువా రెవరు? వంట, పశువులు, పొలము ఎదురుచూచుచుండును. ప్రసవమైన యేడాదిలో ఎప్పుడైనను ఈ వ్యాధి తలయెత్తవచ్చును.

ఆసుపత్రిలో ప్రసవమైన యింటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ దినములలో ఆరుసార్లు పోవలెనని ప్రభుత్వ నిబంధన. ఆమె బిడ్డను తూచును, వెచ్చదనము చూచును, తల్లికి జ్వరమున్నదా, రక్తస్రావమున్నదా యని యడుగును. నీ మనసెట్లున్నదని కూడ ఈ రాకపోకలలోనే అడుగవచ్చును. 1987లో ఎడిన్‌బరోలో రూపొందిన ప్రశ్నావళిలో ఉన్నవి పదే ప్రశ్నలు. అన్నియు గడచిన యేడు దినములను గూర్చినవే. చదువురాని తల్లికి చదివి వినిపింపవచ్చును. అయితే అత్తగారు గడపలో కూర్చుండి వినుచుండగా అడిగినచో నిజమైన జవాబు రాదు. పదియవ ప్రశ్న తనకు తాను హాని చేసికొను తలపును గూర్చినది. దానికి ఔనన్న తల్లిని ఒంటరిగా విడువరాదు.

పల్లెకు మానసికవైద్యు డెక్కడనుండి వచ్చునందురా? పాకిస్తానములోని పల్లెలలో వైద్యులు కాని ఆరోగ్య కార్యకర్తలకే శిక్షణ నిచ్చి, విషాదములోనున్న తల్లులతో వారి యిండ్లలోనే మాటలాడించిరి. 2008లో ప్రకటించిన ఫలితములనుబట్టి, బిడ్డకు ఆరు నెలలు నిండునప్పటికి అట్టి తోడ్పాటు పొందినవారిలో నూటికి 23 మందికి మాత్రమే వ్యాధి మిగిలినది; పొందనివారిలో 53 మందికి మిగిలినది. పొరుగువారు చేసిన పని మనము చేయలేమా? కాని ఇదివఱకే మోయలేని పనులు మోయుచున్న ఆశాలపై ప్రతిఫలము లేక మఱియొక బరువు వేయుట న్యాయము కాదని కూడ చెప్పవలసియున్నది.

మందు కావలసిన తల్లులుందురు. చనుబాలిచ్చు తల్లికి ఈయదగిన మందులు కలవు. వైద్యు నడుగకయే పాలు మాన్పించుట తగదు. బెంగుళూరులోని నిమ్హాన్స్‌లో 2009 నుండి తల్లిని బిడ్డతోగూడ చేర్చుకొను వార్డు నడచుచున్నది. 2017 నాటి మానసికారోగ్య చట్టము మూడేండ్లలోపు బిడ్డను చికిత్స పొందు తల్లినుండి సాధారణముగ వేఱుచేయరాదని శాసించుచున్నది. 14416 అను టెలి మానస్ సంఖ్యకు ఏ వేళనైన ఖర్చు లేక ఫోను చేసి తెలుగులో మాటలాడవచ్చును. పల్లెలో ఇది యెందఱికి తెలియును?

భూస్వాములకొక మాట. పచ్చిబాలింత మీ చేలలో పత్తి తీయుచున్నచో అది ఆమె ఓర్పు కాదు, ఇల్లు గడవకపోవుట. ఇక మీ యిండ్లలోనో, కోడలి జబ్బు బయటపడిన పరువు పోవునని తలుపులు మూయుదురు. కూలివాని యింటి దుఃఖమైనను ఇరుగుపొరుగు చెవిని బడును. మేడలోని దుఃఖమునకు ఆ పాటి దారియు లేదు.

భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల తెఱచిరి. చిట్యాలనుండి చంటిబిడ్డతో వరంగల్లు ఎం.జి.ఎం. ఆసుపత్రికి పోయి వచ్చుట యన్న ఇద్దఱి కూలి, ఒక దినము పోయినట్లే. కావున వారమున కొక దినమైనను మానసికవైద్యుడు చిట్యాల ప్రభుత్వాసుపత్రిలో బాలింతలను చూచునట్లు ఏర్పాటు గావింపవలెననియు, ఆ దినమేదో ఆసుపత్రి గోడమీదను, టీకాలు వేయు ప్రతి అంగన్‌వాడీ ముంగిటను పెద్దయక్షరములతో వ్రాయింపవలెననియు జిల్లా వైద్యాధికారులను కోరుచున్నాము.