ఏం తాగమంటావు, మామా?

మా మేనల్లుడు డబ్లిన్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న మాఘమాసంలో ఒక రాత్రి, భోజనాలు ముగించి పక్కలు వేసుకునే వేళకు వాడి దగ్గర నుంచి ఫోను వచ్చింది. అక్కడ ఇంకా సాయంత్రం నాలుగే. కుశలప్రశ్నలు అయ్యాక వాడు గొంతు తగ్గించి, "మామా, ఒక సంగతి అడుగుతా, అత్తకు చెప్పకు" అన్నాడు.

అత్త నా పక్కనే కూర్చుని ఉన్నది. ఇరవై ఏడేళ్ళ వాడు గొంతు తగ్గించాడంటే మేనమామకు తోచే సంగతి ఒక్కటే గదా! పిల్ల ఎవరో, ఎవరి తాలూకో, తెలుగు వచ్చునో రాదో అని నేను లోపల లెక్కలు వేసుకుంటున్నాను. వాడు అడిగింది అది కాదు.

"ఆఫీసు వాళ్ళు వచ్చే శుక్రవారం కాక ఆపై శుక్రవారం నన్ను పబ్బుకు తీసుకపోతరట. అక్కడ ఏం తాగమంటవు?"

ముప్ఫై అయిదేళ్ళు పిల్లలకు ఎక్కాలు చెప్పినవాణ్ణి. కాఫీలో చక్కెర ఎక్కువైతేనే మా ఆవిడ కళ్ళతో హెచ్చరిస్తుంది. నన్నా అడగడం? మరొకడైతే నవ్వి ఊరుకునేవాణ్ణే. వీడి విషయంలో నవ్వు రాలేదు. వీడి తండ్రి, అంటే మా బావ, తాగుడుతోనే పోయాడు. స్నేహితులతో సరదాకు బ్రాందీతో మొదలుపెట్టి, జీతం చాలక చివరికి గుడుంబా దాకా దిగాడు. ఆయన పోయేనాటికి వీడికి ఎనిమిదేళ్ళు.

"ఆలోచించి చెబుతాలే" అని ఫోను పెట్టేశాను. మా ఆవిడ అంతా విన్నది. "మజ్జిగ తాగమనండి" అని అటు తిరిగి పడుకున్నది.

తెలియని విషయమైతే నాలుగు చోట్ల చదివి తెలుసుకోవడం నా అలవాటు. పబ్బు అంటే పదిమంది కూర్చునే ఇల్లు అనే అర్థమట. ఐర్లండు పల్లెల్లో ఒకప్పుడు ఒకే కొట్లో ఒక పక్క పచారీ సామాను, ఒక పక్క బీరు అమ్మేవారట. వాళ్ళకు పేరు తెచ్చిన నల్లబీరు గిన్నిస్. ఆర్థర్ గిన్నిస్ అనే ఆయన 1759లో డబ్లిన్‌లో ఒక బీరు కార్ఖానాను ఏడాదికి 45 పౌండ్ల చొప్పున 9,000 సంవత్సరాలకు కౌలు రాయించుకున్నాడు! తొంభై తొమ్మిదేళ్ళ కౌలు అంటేనే మనం నోరు వెళ్ళబెడతాం. బార్లీ గింజలను బాగా వేయించి వేస్తారు గనుక దానికి ఆ నలుపు. గ్లాసులో ముప్పాతిక దాకా వంచి పోసి, పొంగు సర్దుకునే దాకా ఆగి, అప్పుడు మిగతాది నింపుతారు. రెండు నిమిషాలు పడుతుంది. ఈలోగా చెయ్యి చాచినవాడు కొత్తవాడని అందరికీ తెలిసిపోతుంది.

వాడి అసలు భయం అది కాదనుకుంటాను. అక్కడ రౌండు అనే పద్ధతి ఉన్నది. ఒకడు లేచి బల్ల దగ్గర ఉన్నవాళ్ళందరికీ కొంటాడు. తరువాత ఇంకొకడు. అలా ఆరుగురు కూర్చుంటే ఆరు విడతలు. నా వంతు వద్దంటే పిసినారివాడనుకుంటారు. వరసగా అన్నీ తాగితే ఇంటికి ఎవరు చేరుస్తారు?

ఇంతలో మా ఊళ్ళో పెళ్ళి వచ్చింది. మాది జనగామ దాటాక రఘునాథపల్లి పక్క పల్లె. అక్కడికి దగ్గరలోనే ఖిలాషాపూర్, సర్వాయి పాపన్న కోట కట్టుకున్న ఊరు. గీత కులంలో పుట్టిన ఆ మనిషి 1708లో వరంగల్లు మీద పడి కొల్లగొట్టాడు. 1710లో మొగలాయీలు ఆయనను పట్టి చంపారు. మా వైపు తాళ్ళ కింద కూర్చున్న వాళ్ళకు ఆయన కథ ఇంకా నిన్నటి మాటే.

పెళ్ళి పందిట్లోనుంచి తప్పించుకుని తాటివనానికి పోయాను. నాతో ఒకటో తరగతి నుంచి అయిదు దాకా చదివిన గౌడు మండువలో కూర్చుని ఉన్నాడు. పదిహేనేళ్ళ క్రితం మోకు జారి చెట్టుమీది నుంచి పడ్డాడు. నడుము పోయింది. ఇప్పుడు తమ్ముడి కొడుకు ఎక్కుతాడు, ఇతను కింద లొట్ల దగ్గర కూర్చుంటాడు.

"ఏందిరా పంతులూ, తొవ్వ తప్పినవా?" అన్నాడు.

సంగతి చెప్పాను. దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"గాడ పోతుతాడు దొరుకుతదా, పండుతాడు దొరుకుతదా?"

"అవేవీ ఉండవురా. పది పదిహేను రకాల సీసాలు ఉంటాయి. పేర్లు రాసిన కాగితం చేతికిస్తారు."

"చెట్టు కనబడదా?"

"కనబడదు."

"మరెట్ల తాగుతరు?" అన్నాడు. ఈసారి నవ్వలేదు.

అతని ప్రశ్న వేళాకోళం కాదు. మండువలో కూర్చున్నవాడు కల్లును ఎంచుకునే తీరు వేరు. మగచెట్టు కల్లుకు ఒక రుచి, ఆడచెట్టు దానికి ఒక రుచి. ఈదులదైతే ఇంకొకటి. తాటికి గెల కొస చెక్కి లొట్టి కడతారు, ఈతకు తలదగ్గర మానునే చెక్కుతారు. పొద్దున దించినది తియ్యగా ఉంటుంది. ఎండ ఎక్కినకొద్దీ పులుస్తుంది, పులిసినకొద్దీ మత్తు. లొట్టికి లోపల సున్నం పూసి తెల్లవారకముందే దించితే పులవదు, అది నీరా, పసిపిల్లలు కూడా తాగవచ్చు. ఇదంతా కాగితం మీద ఉండదు. గీసినవాడి ముఖాన్ని అడగాలి. తాటాకు రేక రెండు చేతులా పట్టుకుంటే అతనే లొట్టి వంచి పోస్తాడు. తాగేవాడి కళ్ళు పోసేవాడి మీదనే ఉంటాయి.

"చెట్టు చూపెట్టనోని దగ్గర తాగొద్దని చెప్పు పోరనికి" అన్నాడు మావాడు.

ఊరికే అన్న మాట కాదు అది. చెట్లు తక్కువ, తాగేవాళ్ళు ఎక్కువ అయినచోట కల్లు పేరుతో నీళ్ళలో క్లోరల్ హైడ్రేటు, డైజిపాం, ఆల్ప్రాజోలం వంటి నిద్రమందులు కలిపి అమ్ముతారు. అలవాటుపడ్డ కూలివాడికి ఒక్కసారిగా అది దొరక్కపోతే చేతులు వణుకుతాయి, పిచ్చిపిచ్చిగా మాట్లాడతాడు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. వాళ్ళెవరూ ఏ చెట్టును చూసి ఉండరు.

గీతవాళ్ళకు 2024లో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం అని తాళ్ళతో కూడిన సామాను ఇవ్వడం మొదలుపెట్టింది. "పదిహేనేండ్లు ముందుగల వస్తే నేను గూడ కట్టుకుంటుంటి" అన్నాడు మావాడు, నడుము సవరించుకుంటూ. అంతలోనే, "నీకు ఎవరన్న పోస్తే ఎన్నడన్న వద్దన్నవా?" అని అడిగాడు.

అన్నాను. అది తలచుకుంటే ఈనాటికీ సిగ్గే. ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను భూపాలపల్లి అడవి అంచున ఒక బడికి వేశారు. అప్పటికి అది జిల్లా కాదు, వరంగల్ జిల్లాలో ఒక మూల. బడికి రాని ఒక కోయపిల్లవాణ్ణి పిలుచుకురావడానికి వాళ్ళ గుడిసెకు పోయాను. ఇప్పపూలు రాలే రోజులు. తెల్లవారుజామునే ఏరుకొచ్చిన పూలు వాకిట్లో ఆరబోసి ఉన్నాయి, ఊరంతా ఆ తీపి వాసన. పిల్లవాడి అవ్వ ఆకుదొప్పలో ఇప్పసారా తెచ్చి రెండు చేతులా అందించింది. నేను చెయ్యి అడ్డం పెట్టి ముఖం తిప్పేసుకున్నాను, పాము కనబడ్డట్టు. ఆమె ఏమీ అనలేదు. పిల్లవాడు మాత్రం ఆ వారమంతా బడికి రాలేదు. ఆ ప్రాంతంలో చాలాకాలం పనిచేసిన మరో మేష్టారు తరువాత చెప్పాడు: "దొప్ప అందుకోవయ్యా, కళ్ళకద్దుకో, పక్కనున్న పెద్దాయన చేతిలో పెట్టు. తాగమని నిన్నెవరు కొట్టారు?" రెండోసారి పోయినప్పుడు అలాగే చేశాను. అవ్వ నవ్వింది. పిల్లవాడు నాకంటే ముందు బడికి చేరాడు.

పెళ్ళి కాగానే జనగామలో రైలెక్కి, కాజీపేటలో బండి మారి మహబూబాబాద్ పోయాను. మేము ఇప్పటికీ మానుకోట అనే అంటాం. చెల్లెలు అక్కడే ఉంటుంది. ఆమెకు ఈ సంగతి చెప్పాలా వద్దా అని దారి పొడుగునా తర్జనభర్జన పడ్డాను. డోర్నకల్ వైపు పోయే బండి మానుకోటలో ఆగేదాకా తేలలేదు.

ఆమె అన్నం వడ్డించి ఎదురుగా కూర్చున్నది. నేను చారు కలుపుకుంటూ అటూ ఇటూ మాటలు తిప్పుతుంటే, "పోరగాడు ఫోను చేసిండా అన్నా?" అన్నది.

"చేశాడు. ఏదో ఊరికే..."

"ముందుగల నన్నే అడిగిండు. నిన్ను అడుగుమన్నది నేనే."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"నేనైతే భయం చెప్తా. నువ్వైతే సంగతి చెప్తవు" అన్నది. కాసేపాగి, "ఆయన ఏం తాగిండో నాకు ఎన్నడు తెల్వదన్నా. వాకిట్ల కూసోని ఎన్ని గంటలకొస్తడా అని చూసుడే నాకు ఎరుక" అని లేచి మజ్జిగ తేవడానికి లోపలికి పోయింది.

ఆ రాత్రే వాడికి ఫోను చేశాను. నీ రౌండు నువ్వు అందరికంటే ముందు కొను, అప్పుడు పిసినారివి కావు అన్నాను. తాగాలని నీకే మనసైతే ఒక్క గ్లాసు, పోసేవాడు ఆగమన్నంతసేపు ఆగి, నెమ్మదిగా తాగు. మనసు లేకపోతే ఒక్కమాటగా వద్దను, కథ చెప్పకు, ముఖం తిప్పుకోకు. ఇప్పుడు గిన్నిస్‌లో మత్తు లేనిది కూడా వచ్చిందట. మీ నాన్న సంగతి అక్కడ ఎవరికీ చెప్పవలసిన పని లేదు, నువ్వు మరిచిపోవలసిన పనీ లేదు అన్నాను. వాడు ఊ కొడుతూ విన్నాడు. అత్త ఏమన్నదని అడిగాడు. మజ్జిగ తాగమన్నదన్నాను.

శుక్రవారం గడిచింది. శనివారం మధ్యాహ్నం నేనింకా మానుకోటలోనే ఉన్నాను, వాడి ఫోను వచ్చింది. మొదటి రౌండు వాడే కొన్నాడట, అయిదుగురికి నల్లబీరు, తనకు ఎర్ర లెమనేడు. ఆ దేశంలో లెమనేడు ఎర్రగా కూడా దొరుకుతుంది, వాళ్ళకు అదొక ముచ్చట. ఎందుకు తాగవని ఎవరూ అడగలేదట. బల్ల చివర కూర్చున్న నెరసిన జుట్టాయన ఒకడు తన గ్లాసు ఎత్తి చూపించాడట. దాంట్లోనూ ఎరుపే.

చెల్లెలు వంటింట్లోనుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అంతా చెప్పాను. లెమనేడు సంగతి, రౌండు సంగతి, నెరసిన జుట్టాయన సంగతి, ఒక్కటీ వదలకుండా చెప్పాను.

"ఇంటికి ఎన్ని గంటలకు పోయిండట?" అన్నది.

అది నేను అడగలేదు. ఫోను ఆమె చేతికిచ్చాను.