వాపు కాదు, బలుపే

వాపు చూసి బలుపనుకోవద్దని మన పెద్దలు హెచ్చరించారు. బలుపే వ్యాధి కావచ్చునని మాత్రం వారు అనుకొని ఉండరు. డొక్కలెండిన పశువు కనబడితే ఊరంతా దాని యజమానిని నిందిస్తుంది. అదే పశువు మెడ మడతలు పడి, నాలుగడుగులు వేయగానే రొప్పుతుంటే, ఎంత చక్కగా మేపుతున్నాడని మెచ్చుకుంటుంది. కరవులు చవిచూసిన జాతికి ఈ దృష్టి సహజమే. అయినా దానిని పునఃపరిశీలించవలసిన కాలం వచ్చింది.

చెరకు పంటకు, బెల్లానికి పేరుపొందిన ప్రాంతం మునగపాక. చెరకు నరికే రోజులలో కొసల ఆకు పశువులకు మేతగా లభిస్తుంది. ఒకప్పుడు ఇక్కడి ఎద్దులు గానుగ తిప్పేవి, దుక్కి దున్నేవి, అనకాపల్లి బజారుకు బెల్లం బండ్లు లాగేవి. ఆ శ్రమకు తగినట్లు రైతు ఉలవలు ఉడికించి పెట్టేవాడు. ఇప్పుడు ఆ పనులను యంత్రాలు, ట్రాక్టర్లు చేస్తున్నాయి. అక్కడక్కడ మిగిలిన జతలకు పని తగ్గినా, ప్రేమ కొద్దీ కొందరు ఉలవలు తగ్గించరు.

పాడి ఆవు విషయంలో ఈ పొరపాటు మరింత ప్రమాదకరం. మా మేనత్త ఇంట ఒక సంకరజాతి ఆవు ఉండేది. అది వట్టిపోయిన తరువాత, కడుపులో దూడ ఉన్నది కదా అని ఆమె పూటపూటకూ తవుడు, తెలగపిండి పెంచుతూ పోయింది. ఆవు నిగనిగలాడింది. ఈనిన తరువాత మాయ పడలేదు. మూడవనాటికి మేత మానివేసింది. నీరసమనుకొని ఆమె మరింత బెల్లం తినిపించబోయింది. పశువైద్యుడు వచ్చి, ప్రక్కటెముకల మీద వ్రేళ్లు అదిమి చూసి, "అమ్మా, మీరు తక్కువ పెట్టలేదు, ఎక్కువ పెట్టారు" అన్నాడు. ఆవు బ్రతికింది గాని, చాలాకాలం చూడి కట్టలేదు.

అందులోని కారణం తెలుసుకోదగినది. ఈనిన కొత్తలో పాలకు కావలసినంత శక్తి మేత నుండి అందదు. ఒంటిలోని కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది. కొవ్వు మితిమీరిన ఆవులో అది కాలేయం భరించలేనంతగా చేరి, ఆకలిని మరింత చంపుతుంది. కనుక లావెక్కిన చూడి ఆవును ఒక్కసారిగా పస్తు పెట్టడం ఇంకా పెద్ద తప్పు. అప్పుడు కూడా కొవ్వు అలాగే కాలేయం మీద పడుతుంది. దిద్దుబాటు ముందే జరగాలి. పాలు తగ్గుముఖం పట్టగానే, అంటే వట్టిపోవడానికి చాలా ముందే, దాణాను క్రమంగా తగ్గించి ఎండుగడ్డి పాలు పెంచాలి. రోజూ కొంతసేపు నడిపించాలి. పెయ్యలను కూడా కొవ్వు పట్టేలా మేపరాదు. చిన్ననాడే పొదుగులో కొవ్వు చేరితే పాలగ్రంథులు సరిగా ఎదగవు.

పశువైద్యులు పాడి ఆవు ఒంటి స్థితిని ఒకటి నుండి ఐదు వరకు లెక్కిస్తారు. ఈనే నాటికి మూడు, మూడున్నర మధ్య ఉండడం మేలు. కొద్దిగా అదిమితే ప్రక్కటెముకలు చేతికి తగలాలి. తోక మొదట కొవ్వు గడ్డలు కనబడితే హద్దు దాటినట్లే. ఇందుకు యంత్రాలు అక్కరలేదు, అరచేయి చాలు.

కొలిచి మేపడం మనకు కొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో గోవుల అధ్యక్షుని విధులు చెప్పే అధ్యాయం ఎద్దులకు గడ్డి, పిండి, తవుడు, ఉప్పు ఎంతెంత ఇవ్వాలో కొలతలతో సహా నిర్దేశించింది. కావ్యాలలో కామధేనువును కొలిచిన మనం ఆ కొలతల పుటలను మరచిపోయాము.

మన ఒంగోలు జాతి సంతతి అయిన నెలోర్ ఆవు ఒకటి, వియాటినా-19, 2023లో బ్రెజిల్‌లో 40 లక్షల డాలర్లకు పైగా విలువ పలికింది. దాని బరువు 1,101 కిలోలు. ఆ వార్త చదివి మన ఆవులనూ అలా పెంచాలని ఉబలాటపడేవారు కనబడ్డారు. మాంసానికై తరతరాలుగా ఎంపిక చేసిన జాతిలో ఆ బరువు చాలావరకు కండ. మన పెరటి పాడి ఆవుకు తవుడు కుమ్మరిస్తే చేరేది కొవ్వు.

కనుమనాడు పశువుకు పొంగలి పెట్టవద్దని నేననను. గుప్పెడు పెట్టండి. మిగిలిన పొంగలి ఇంట్లో పిల్లలున్నారు కదా, వారు తింటారు.